తమ్ముణ్ని మళ్లీ చేర్పించాల్సి వచ్చింది, మేం చేసిన తప్పేంటి?

ప్రశ్న: మేడం, మాది అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పల్లె. మా తమ్ముడికి 24 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం చేసేవాడు. పోయిన జూలైలో ఉద్యోగం పోయింది, ఆగస్టులో కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఇంటికొచ్చి తిండి మానేశాడు, నిద్ర లేదు, 'నేను బతికి ఏం లాభం' అనేవాడు. సెప్టెంబరులో ప్రాణం తీసుకోబోతే చూసి ఆపి ఆసుపత్రిలో చేర్పించాం. 9 రోజులున్నాడు. కాగితంలో 'అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్' అని రాశారు. నెల రోజుల్లో బాగయ్యాడు. బుడ్డలు (వేరుశనగ) పీకే పనుల్లో పడి మళ్లీ చూపించడానికి పోలేదు, మాత్రలూ అయిపోయాయి. ఫిబ్రవరిలో ఉన్నట్టుండి వేరే మనిషైపోయాడు. రాత్రంతా మేలుకోవడం, ఆగకుండా మాట్లాడడం, ఫోను యాప్‌లలో అప్పు తీసి కొత్త బండి కొనడం. అడ్డమొచ్చిన మా నాయన మీద చెయ్యి చేసుకున్నాడు. మళ్లీ చేర్పించాం, ఈసారి 18 రోజులు. 'బైపోలార్' అని రాసి లిథియం మాత్రలు ఇచ్చారు. ఇంటికొచ్చి 8 రోజులైంది. మొదటి డాక్టరు తప్పు చెప్పాడా? మేం మాత్రలు ఆపడం వల్లే ఇట్లా అయిందా? మా నాయన 'ఇంక వీని బతుకు ఆసుపత్రి పాలే' అంటున్నాడు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని మా మేనత్త పోరు పెడుతోంది. బెంగళూరు తీసుకుపోవాలా? మూడోసారి పోకుండా ఏం చేయాలి?
– ఒక అక్క

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ 'ఇంటికొచ్చి 8 రోజులైంది' అన్న మాట దగ్గరే ఆగాను. మీరు అడిగినవాటికి వరసగా వస్తాను గానీ, ముందు ఒక పని చేయండి. డిశ్చార్జి కాగితం తీసి మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో చూడండి. ఆ తేదీ దాటిపోయి ఉంటే రేపు ఉదయం బస్సుకే బయల్దేరండి. తేదీ ఏమీ రాసి లేకపోయినా ఈ వారంలోనే పోండి. పొలం పని రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆగకూడదు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, మనసు జబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్లకు అన్నిటికంటే కష్టమైన కాలం ఇంటికొచ్చిన మొదటి కొన్ని వారాలు. జబ్బు తిరగబెట్టడం, మళ్లీ చేరాల్సి రావడం, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు రావడం, ఇవన్నీ ఆ తొలి వారాల్లో, మొదటి మూడు నెలల్లో ఎక్కువ. చాలా దేశాల్లో లెక్కలు తీసి చూస్తే ఇదే తేలింది. మన ఇళ్లల్లో మాత్రం దీన్ని తిరగేసి అనుకుంటాం. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఒకరు పక్కనే కాపలా ఉంటారు, ఇంటికి రాగానే 'గండం గడిచింది' అని ఎవరి పనిలో వాళ్లు పడతారు. ఆసుపత్రిలో వేళకు మాత్ర చేతిలో పెట్టడానికి నర్సు ఉంటుంది, రాత్రి లైట్లు ఆర్పేస్తారు, అప్పులవాళ్ల ఫోన్లు లోపలికి రావు. ఇంటికొస్తే అవే అప్పులు, అదే బండి, 'ఏం నాయనా, ఇప్పుడు బాగుండావా' అని గుమ్మంలోనే అడిగే అవే చుట్టాలు. మనిషి ఇంకా సగమే కోలుకుని ఉంటాడు, బతుకు భారం మాత్రం మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది. మూడోసారి పోకుండా ఉండడమన్నది ఈ వారాలను ఇంటిల్లిపాదీ ఎట్లా దాటిస్తారన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

ఇక మొదటి డాక్టరు సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఆయన తప్పు చెప్పాడని నేననుకోను. ఉద్యోగం పోవడం, సంబంధం తప్పిపోవడం, అప్పు, అయినవాళ్ల చావు లాంటి ఒక దెబ్బ తగిలాక మనసు దాన్ని తట్టుకోలేక కుంగిపోతే అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ అంటారు. కష్టం వచ్చిన మూడు నెలల లోపు మొదలవుతుంది, ఆ కష్టం తీరాక మామూలుగా ఆరు నెలల లోపు తగ్గిపోతుంది. మీ తమ్ముడికి జూలైలో ఒక దెబ్బ, ఆగస్టులో ఇంకొకటి, సెప్టెంబరులో ఆసుపత్రి. ఆ రోజు ఆయన ముందు కూర్చున్న అబ్బాయిని చూసి నేనైనా బహుశా అదే రాసేదాన్ని. బైపోలార్ అంటే మనసు కొన్నాళ్లు కుంగి, కొన్నాళ్లు హద్దు లేకుండా పొంగే జబ్బు. అది ఉన్నవాళ్లలో చాలామందికి మొదట వచ్చేది కుంగుబాటే. పొంగు, అంటే మేనియా, బయటపడేదాకా దాన్ని గుర్తుపట్టడం కష్టం. రక్తపరీక్షలో తేలేది కాదు, స్కానింగులో కనబడేది కాదు. కాలం గడిచేకొద్దీ మనిషిని చూస్తేనే తెలుస్తుంది. అందుకే మళ్లీ చూపించడం అంత అవసరం. డాక్టరు మొదటిసారి చూసింది ఒక ఫోటో లాంటిది, ఆ తర్వాతవి కూడా చూస్తేనే కథ అర్థమవుతుంది.

ఈ రెండు పేర్లకూ ఒక తేడా ఉంది, అది తెలుసుకోవాలి. అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్‌తో చేరినవాళ్లు మళ్లీ ఆసుపత్రికి రావడం, డిప్రెషన్ లేదా బైపోలార్‌తో చేరినవాళ్లతో పోలిస్తే తక్కువ. అయితే అది చిన్న జబ్బు అనుకోవద్దు. ఆ బాధలో మనిషి ప్రాణం తీసుకోవాలని అనుకోవడానికీ, ఆ పని చేయబోవడానికీ మధ్య ఒక్కోసారి గంట వ్యవధి కూడా ఉండదు. మీ ఇంట్లో ఎవరో సమయానికి చూశారు. ఆ ఒక్కరికి నా తరఫున దండం పెట్టండి. డిప్రెషన్, బైపోలార్ దారి వేరు. ఒకసారి డిప్రెషన్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ వస్తుంది. బైపోలార్‌లో తిరగబెట్టే అవకాశం ఇంకా ఎక్కువ. షుగరు, బీపీ లాగా ఏళ్ల తరబడి కాచుకుని ఉండాల్సిన జబ్బు ఇది. అందుకని 'బతుకు ఆసుపత్రి పాలే' అన్న మాట నిజమైపోదు. ఈ జబ్బుతో బడిలో పాఠాలు చెబుతున్నవాళ్లు, బస్సు డిపోలో పనిచేస్తున్నవాళ్లు నా దగ్గరికి నెలనెలా వచ్చి మాత్రలు రాయించుకుపోతుంటారు. వాళ్లలో కొందరు మూడుసార్లు, నాలుగుసార్లు చేరినవాళ్లే.

మాత్రలు ఆపడం వల్లే అయిందా అని అడిగారు. అది తేల్చి చెప్పలేం. ఆపకపోయినా ఆ పొంగు వచ్చి ఉండేదేమో. కానీ అక్టోబరులోనో నవంబరులోనో ఒకసారి చూపించి ఉంటే, నిద్ర తగ్గడం మొదలైనప్పుడే డాక్టరు కంట పడేదేమో. 18 రోజుల పడక 8 రోజులయ్యేదేమో, బండి అప్పు మీద పడేది కాదేమో. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. దీన్లో మా వైపు తప్పు మీ తప్పుకంటే పెద్దది. చాలా ఏళ్ల కిందట నేను కొత్తగా పనిచేస్తున్న ఒక ఆసుపత్రిలో, పత్తికొండ వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకును డిశ్చార్జి చేయించుకోవడానికి వచ్చాడు. వరండా నిండా జనం. నేను కాగితం చేతిలో పెట్టాను. అంతా ఇంగ్లీషు, మాత్రల పేర్ల పక్కన 1-0-1 అని. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూసి, 'నూటొక్క మాత్రలా మేడం?' అని అడిగాడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పి తర్వాతి మనిషిని పిలిచాను. ఆయన వాకిలి దాకా పోయి వెనక్కొచ్చి, 'అయితే ఇంక బాగైనట్టేనా?' అన్నాడు. 'అయినట్టే' అన్నాను. ఆరు వారాలకు మళ్లీ వచ్చాడు, కొడుకు చేతులు తువ్వాలుతో కట్టి. లోజేబులోంచి నేనిచ్చిన కాగితం తీశాడు. నాలుగు మడతలు అట్లాగే ఉన్నాయి, మడతల దగ్గర చెమటకు సిరా చెదిరింది. నేను ఆ రోజు 'బాగైంది' అన్నాను, ఆయన నమ్మాడు. నమ్మినవాడు మాత్రలు ఎందుకు కొంటాడు? ఆ తర్వాత ఏ ఒక్కరికీ ఆ మాట అట్లా చెప్పలేదు. 'నెమ్మదించింది, ఇంకా నయం కావాలి' అంటాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ పనిని ఇప్పుడు డాక్టర్ల బాధ్యతగానే పెట్టింది. పంపించే ముందు రోగితో, ఇంటివాళ్లతో మాట్లాడి, తర్వాత చికిత్స ఎక్కడ, ఎట్లా అన్నది ఖరారు చేయాలి. మీకది జరగలేదనిపిస్తోంది. కాబట్టి ఈసారి పోయినప్పుడు మొహమాటం లేకుండా కూర్చుని అడగండి: ఏ మాత్ర దేనికి, ఎన్నాళ్లు, ఏం జరిగితే వెంటనే రావాలి, రాత్రిపూట అవసరమైతే ఎవరికి ఫోను చేయాలి. తెలుగులో చెప్పించుకుని, మీ చేత్తోనే రాసుకోండి.

లిథియం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, అందులోనూ మీరుండేది అనంతపురం జిల్లా, ముందుంది ఎండాకాలం. ఇది పాత మందే. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు మేనియాకు పనిచేస్తుందని చూపించాడు. ఇప్పటికీ పొంగునూ కుంగునూ అదుపులో ఉంచడంలో, ఆత్మహత్యలను తగ్గించడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. కానీ పనిచేసే మోతాదుకూ, హాని చేసే మోతాదుకూ మధ్య దూరం చిన్నది. అందుకే రక్తంలో ఎంత ఉందో చూస్తుంటారు, మామూలుగా 0.6 నుంచి 1.0 mEq/L మధ్య ఉండాలని చూస్తారు. ఆ రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. రాత్రి 8కి వేసుకుంటే పొద్దున 8కి రక్తం ఇచ్చి, ఆ తర్వాతే పొద్దుటి మాత్ర. ఇది తెలియక చాలామంది పొద్దున్నే మాత్ర మింగి ల్యాబుకు పోతారు, లెక్క తప్పు వస్తుంది. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఆరు నెలలకోసారి.

ఎండలో చెమట పట్టి ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. అందుకని వేసవిలో మిట్టమధ్యాహ్నం చేనికి పంపొద్దు. నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ బాగా తాగాలి. ఉన్నట్టుండి ఉప్పు మానేసే పత్యాలు వద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇంటివైద్యం చేసుకుంటూ కూర్చోకండి. ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆరెంపీ దగ్గర నొప్పుల సూది వేయించుకోవడం, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మింగడం ఇతనికి పనికిరాదు, అవి లిథియాన్ని పెంచుతాయి. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ ఫర్వాలేదు. చేతివేళ్లు సన్నగా వణకడం చాలామందికి ఉంటుంది, భయం లేదు. వణుకు పెద్దదై, అడుగు తూలి, మాట ముద్దగా వస్తుంటే ఆ పూట మాత్ర ఆపి అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకుపోవాలి. అట్లాగే బాగుందని లిథియం ఒక్కసారిగా మానేస్తే పొంగు మళ్లీ తన్నుకొస్తుంది. మానాలన్నా డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి.

ఇంకో మాట, దీన్ని మరిచిపోవద్దు. సెప్టెంబరులో ఇచ్చిన మాత్రలు అయిపోయాయన్నారు, అయినా ఒకటీ అరా స్ట్రిప్పు ఏ గూట్లోనో మిగిలి ఉండొచ్చు. రేపు అబ్బాయి కాస్త దిగులుగా కనబడితే 'అప్పుడు వీటితో తగ్గింది కదా' అని అమ్మ తీసి ఇస్తుంది. అవి డిప్రెషన్ మాత్రలైతే, వాటినొక్కటే వేస్తే బైపోలార్ ఉన్నవాళ్లకు పొంగు రావచ్చు. వాటిని ఏరి, డాక్టరుకు చూపించి పారేయండి.

జబ్బు తిరగబెట్టేముందు సూచన ఇస్తుంది, మీ ఇంట్లోనే ఉంది దాన్ని చదవగల మనిషి. మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఫిబ్రవరిని వెనక్కి తిప్పి చూడండి. ఏ రోజు నుంచి నిద్ర తగ్గింది? ముందుగా ఏం మారింది? ఒక తల్లి నాతో అంది, 'మేడం, వాడు మామూలుగా సంగటి రెండు ముద్దలు తింటాడు. ఆ వారం సగం ముద్దకే లేచి పోతుండె, పాటలు పెట్టుకోని మిద్దె మీద తిరుగుతుండె.' ఆమెకు ఆ సగం ముద్ద గుర్తుంది. ప్రతి మనిషికీ అట్లాంటిదొకటి ఉంటుంది. మీ తమ్ముడిది ఏదో కనిపెట్టి రాసుకోండి. నిద్ర మాత్రం అందరికీ గుర్తే. గోడ క్యాలెండరులో రోజూ తారీకు కింద ఎన్ని గంటలు పడుకున్నాడో అంకె వేయమని అమ్మకు చెప్పండి. చదువు రాకపోయినా అంకెలు వేయగలిగితే చాలు. నిద్ర నాలుగైదు గంటలకు పడిపోయి, పొద్దున అలసట లేకుండా హుషారుగా లేస్తుంటే, రెండు మూడు రోజులకంటే ఎక్కువ ఆగకుండా డాక్టరుకు ఫోను చేయండి. ఇదంతా తమ్ముడికి తెలిసే జరగాలి. అతను బాగున్నప్పుడే కూర్చుని, 'ఇట్లా ఉంటే నేను చెబుతా, నువ్వు నాతో రా' అని మాట తీసుకోండి. ఏటీఎం కార్డు, ఫోనులో డబ్బు యాప్‌లు కొన్నాళ్లు మీ దగ్గర పెట్టుకోవడం కూడా అతను ఒప్పుకుంటేనే చేయండి. ముందు చెప్పిన 2017 చట్టం కిందే, మళ్లీ జబ్బు చేస్తే తనకు ఎట్లాంటి చికిత్స కావాలి, ఏది వద్దు అన్నది అతను ముందే రాసి పెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిగా మిమ్మల్ని ఎంచుకోనూవచ్చు.

పొంగు దిగాక చాలామందికి కుంగు వస్తుంది. చేసిన అప్పు, నాయన మీద ఎత్తిన చెయ్యి, ఊరంతా చూసిన సంగతి అప్పుడు గుర్తొస్తాయి. ఆ సిగ్గు చాలా బరువు. 'చనిపోవాలని ఏమన్నా అనిపిస్తోందా తమ్ముడూ' అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నదాన్ని చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. కొట్టంలో పురుగుమందు డబ్బాలుంటే ఈ రోజే తీసి, అందుబాటులో లేనిచోట తాళం వేయండి, ఇంటికి దూరంగా అయితే ఇంకా మంచిది. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అంటారు, 24 గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. సెప్టెంబరు సంగతి తలుచుకుని పోలీసు కేసంటారేమోనని లోపల భయం ఉంటే వదిలేయండి. తీవ్రమైన టెన్షన్‌లో ఉన్న మనిషిగా చూసి సాయం చేయాలే గానీ శిక్షించకూడదని అదే చట్టం చెబుతోంది.

మీ నాయనతో ఎవరైనా మాట్లాడాలి, బహుశా డాక్టరే. కొడుకు చెయ్యెత్తాడన్న గాయం ఆయనకు మానలేదు. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయొద్దు. 'వాడు కాదు, వాని జబ్బు చేసింది' అన్నా ఒక తండ్రికి మింగుడు పడడానికి సమయం పడుతుంది. కానీ రోజూ దెప్పిపొడుపులు, ఎత్తిపొడుపులు ఉండే ఇళ్లల్లో ఈ జబ్బులు త్వరగా తిరగబెడతాయని చాలా పరిశోధనల్లో తేలింది. దెప్పడం ఒక్కటే కాదు, అతి కాపలా కూడా అంతే చేటు. అబ్బాయి దేనికో చిరాకు పడితే వెంటనే 'మాత్ర వేసుకున్నావా' అని అడగడం మానుకోండి. బండి అప్పుకు కోపం వస్తే, అది కోపమే, ప్రతి కోపమూ జబ్బు కాదు. అప్పు సంగతి వేరుగా, మీరు, నాయన కూర్చుని, బండి అమ్మాలా ఉంచాలా అని తేల్చుకోండి.

పెళ్లి మందు కాదు. మేనత్త మంచి మనసుతోనే అంటోంది, కానీ ఇప్పుడు పెళ్లంటే రాత్రుళ్లు నిద్రలేమి, ఖర్చు, హడావుడి, ఈ మూడూ పొంగును రేపేవే. ఏడాదో రెండేళ్లో కుదురుగా ఉన్నాక, అమ్మాయికీ వాళ్లవాళ్లకూ జబ్బు సంగతి చెప్పి చేయండి. దాచి చేస్తే మొదట మాత్రలే దాచాల్సి వస్తుంది, అది నేను చాలా ఇళ్లల్లో చూశాను. గుడికో దర్గాకో పోతామంటే పోండి, మాత్ర జేబులో పెట్టుకుని పోండి. తాగుడు మాత్రం కుదరదు, బెంగళూరులో అలవాటైందేమో మెల్లగా కనుక్కోండి.

బెంగళూరులోని పెద్ద మానసిక ఆసుపత్రి నిమ్‌హాన్స్‌కు ఒకసారి పోయి రెండో అభిప్రాయం తీసుకోవాలనిపిస్తే పోండి, తప్పులేదు. కానీ నెలనెలా చూపించుకునే చోటు దగ్గర్లో ఉండాలి. అనంతపురం, కర్నూలు సర్వజన ఆసుపత్రుల్లో మానసిక విభాగాలున్నాయి, కడపలో రిమ్స్ ఉంది. మీకు అనంతపురమైతే పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. పల్లె మనిషికి మనసు జబ్బు వైద్యం దగ్గర్లోనే దొరకాలని ఒక జిల్లా అంతటా మొదట చేసి చూపించింది మన పక్కనున్న బళ్లారిలోనే. 1980ల్లో నిమ్‌హాన్స్ వాళ్లు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు నేర్పి నడిపించారు. అదే నమూనాగా 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. దూరం ఎక్కువైతే మనిషి పోవడం మానేస్తాడు, అది వాళ్లు అప్పుడే గ్రహించారు. 

అన్నీ చేసినా మూడోసారి చేరాల్సి రావచ్చు. వస్తే, రెండోసారి లాగా కొట్లాట దాకా ఆగొద్దు. క్యాలెండరులో అంకెలు తగ్గిన వారంలోనే తీసుకుపోతే కొద్ది రోజులతో, ఒక్కోసారి చేర్చకుండా మందు మార్చడంతోనే సరిపోతుంది. తొందరగా చేర్చి తొందరగా తెచ్చుకోవడం ఓడిపోవడం కాదని మీ నాయనకు నా మాటగా చెప్పండి.

మీ గురించి ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు మీరు. రెండుసార్లూ ఆసుపత్రిలో పక్కన పడుకున్నది మీరేనని అనుకుంటున్నాను. ఈసారి అనంతపురం పోయేటప్పుడు అమ్మను కూడా వెంట తీసుకుపోండి, తమ్ముడి పక్కన ఆమె కూర్చుంటుంది. ఈ నెల క్యాలెండరు కాగితం చింపి ఆమె చేతికే ఇవ్వండి, డాక్టరుకు ఆమే చూపిస్తుంది. బస్సులో మీరు కిటికీ పక్క సీట్లో కూర్చుని కాసేపు నిద్రపోండి.